పసిడమ్మగారి ఇంట్లో ఇద్దరు

సొంత ఇల్లు ఉన్న ప్రతి ప్రాణినీ ఇంటి యజమానిగా నమోదు చేయాలని పురపాలక సంఘం తీర్మానించిన నెలలోనే, నూకరత్నం పెంచుకుంటున్న నత్తకు నోటీసు వచ్చింది. పోస్టుమాన్ దాన్ని గాజుతొట్టి మూత మీద పెట్టి, సంతకం కోసం కాసేపు నిలబడ్డాడు. నత్త ఎంతకీ బయటికి రాకపోవడంతో నూకరత్నమే సంతకం పెట్టింది.

నోటీసులో విషయం సూటిగానే ఉంది. నత్తకు పుట్టుకతోనే ఇల్లు ఉంది కనుక అది యజమాని. అదే గదిలో ఉంటున్న ఇల్లు లేని మనుషులు ఇకమీదట దాని ఇంట్లో నివాసులుగా పేర్లు రాయించుకోవాలి. రాయించుకోనివారు ఊరి జాబితాలో ఉండరు. నూకరత్నం, ఆమె భర్త సత్తిరాజు ఇరవై రెండేళ్ళలో తొమ్మిది అద్దెవాటాలు మారారు. మారినప్పుడల్లా జాబితాలో పేర్లు ఎగిరిపోయేవి. మళ్ళీ ఎక్కించుకునేలోగా పెట్టేబేడా సర్దుకోవాల్సి వచ్చేది. ఈసారి ఎక్కడికీ తిరగకుండా చిరునామా తొట్టిలోనే దొరికిందని ఇద్దరూ సంబరపడ్డారు.

అయితే ప్రతి నత్తా యజమాని కాలేదు. ఆ సంగతి తేల్చడానికి వార్డు గుర్తింపు అధికారి కృపారావు మంగళవారం పొద్దున్నే భూతద్దం పట్టుకుని వచ్చాడు. తొట్టిలో మూడు రకాల నత్తలున్నాయి. అద్దానికి అంటుకున్న ఎర్రటివి చక్రాల్లా బల్లపరుపుగా చుట్టుకుని ఉన్నాయి.

"వీటికి తలుపు లేదమ్మా. షెడ్డు కింద రాస్తాను," అన్నాడు.

నీటిమొక్కల్తో పాటు చెప్పకుండా వచ్చి పిల్లలు పెట్టేసిన చిన్నచిన్న నత్తల్ని కూడా పరీక్షించాడు. "ద్వారం ఎడమవైపుంది. తలుపూ లేదు. వీటి కాగితాలు వాస్తు విభాగానికి వెళ్ళాలి."

చివరికి నిమ్మకాయంత పసుప్పచ్చ నత్తను అరచేతిలోకి తీసుకున్నాడు. దాని పేరు పసిడమ్మ. అది చటుక్కున లోపలికి ముడుచుకుని, పాదానికి ఉన్న గోధుమరంగు మూతతో ద్వారం బిగించేసుకుంది. కృపారావు ముఖం విప్పారింది.

"కుడిచేతి ద్వారం. తలుపుంది. లోపల్నించి గడియ కూడా పడుతోంది. పక్కా ఇల్లు!"

తరవాత భూతద్దం దగ్గరగా పెట్టి నొచ్చుకున్నాడు. పెంకు మీద అక్కడక్కడ తెల్లగా గుంటలు పడ్డాయి. "పైకప్పు పెచ్చులూడుతోందమ్మా. నివాసయోగ్యం కాదు. నెల రోజులు గడువిస్తాను, మరమ్మతు చేయించండి."

ఆ నెలంతా నూకరత్నం జాకెట్లు కుట్టడం తగ్గించి నత్త మీద పడింది. గుడ్డుపెంకులు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెత్తగా దంచి తొట్టిలో వేసింది. పాలకూర ఒక పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టింది. మిగిలిపోయిన ఆకును సాయంత్రానికల్లా తీసేసేది, నీళ్ళు కుళ్ళకుండా. పసిడమ్మ పైకొచ్చి గొట్టంలాంటి ముక్కు చాచి గాలి పీల్చుకోవడానికి, నీటికీ మూతకీ మధ్య నాలుగువేళ్ళ జాగా వదిలింది. బస్సు డిపోలో మెకానిక్కైన సత్తిరాజు డ్యూటీ దిగి రాగానే చెప్పులైనా విడవకుండా తొట్టి దగ్గరికి వెళ్ళేవాడు.

"తిన్నాదా?"

"సగం ఆకు తిన్నాదండి. మీకన్నా నయం."

పాత గుంటలు పూడలేదు. అవి పూడేవి కావు. కానీ ద్వారం అంచున కొత్త పెంకు నున్నగా, లేత చెరకు రంగులో, చిటికెనవేలి గోరంత పెరిగింది.

గడువు తీరాక కృపారావు వచ్చి కొలిచాడు. "బాగుంది. కాకపోతే ఇది అనుమతి లేని పొడిగింపు అవుతుంది. క్రమబద్ధీకరణకి తరవాత వేరే దరఖాస్తు పెట్టుకోండి." అని సంచిలోంచి నీలంరంగు పొట్లం తీశాడు. "ఇదొక్కటీ అయిపోతే కాగితం ఇచ్చేయొచ్చు. కొత్తగా నమోదయ్యే ప్రతి ఇంట్లోనూ మైలుతుత్తం చల్లాలని ఆరోగ్యశాఖ ఉత్తర్వు."

నూకరత్నం తొట్టి మూత మీద రెండు చేతులూ పరిచేసింది. "అది పడితే చచ్చిపోద్దండి! రాగి కలిసిన మందేదైనా సరే, నత్తలకి విషమేనండి."

"చల్లకపోతే ఫైలు ముయ్యడం కుదరదమ్మా. మీ పేర్లు ఎక్కవు."

"ఎక్కకపోతే పోనీండి. కొట్టేసుకోండి."

కృపారావు సత్తిరాజు వైపు చూశాడు, మగమనిషి సర్దిచెప్తాడేమోనని. సత్తిరాజు వచ్చి తొట్టి పక్కన నిలబడ్డాడు. "జాబితాలో ఉండటం మాకు అలవాటు లేదండి. ఇది మాత్రం బాగా అలవాటైపోయింది."

కృపారావు పొట్లం మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. రిజిస్టరులో 'చల్లడమైనది' అని రాశాడు. "మా ఇంట్లోనూ ఒకటుందమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే. "మా అమ్మ పేరు దాని కిందే ఎక్కించాం." నమోదు కాగితాన్ని తొట్టిలో నీళ్ళకి పైన అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. పసిడమ్మ తీరిగ్గా దాని మీంచి పాకి వెళ్ళింది. ఆ తడిచారను సంతకంగా ధ్రువీకరించి ముద్ర వేశాడు.

కాగితం వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, మేడ యజమాని విస్సప్పగారు వచ్చారు. ఆయన చేతిలో అదే కాగితం నకలు ఉంది.

"శుభం. మీకు సొంత ఇంట్లో చోటు దొరికింది," అన్నారు. "మరి నా వాటా ఖాళీ చెయ్యాలిగా?"

నూకరత్నం కాగితం తీసి మరోసారి చదివింది. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ కనిపించలేదు.

"మరి పసిడమ్మ సంగతేంటండీ?"

"ఆవిడని నేనెందుకు కదుపుతాను? ఆవిడా యజమానే, నేనూ యజమానినే. మాలో మాకు ఆ మాత్రం మర్యాద ఉండదా? తొట్టి, తొట్టి కింద బల్ల, బల్ల కింద జాగా, అంతా ఆవిడ ఆవరణే. మిగతా గది వచ్చే ఆదివారం వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాను." విస్సప్పగారు వంగి బల్ల కిందకి చూసి, జేబులోంచి టేపు తీసి కొలిచారు. నాలుగడుగులు, రెండున్నర అడుగులు. నిజంగానే ఆయన మొహంలో కొంచెం జాలి కనిపించింది. "ఇద్దరూ పడతారా?"

సత్తిరాజు కూడా వంగి చూశాడు. కుట్టుమిషను అడ్డంగా పెడితే ఎంత జాగా మిగులుతుందో జానతో కొలుచుకున్నాడు. నూకరత్నం అప్పటికే చాపను మధ్యకి మడుస్తోంది.

"సర్దుకుంటామండి," అన్నాడు.