పదును లేని మోడల్

ఇకపై ఈ గడ్డ మీద ఏ గింజా కంప్యూటర్‌ని అడక్కుండా మొలవదని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. సభలో చప్పట్లు మారుమోగాయి. గింజలు ఇన్నాళ్లూ ఎంత క్రమశిక్షణ లేకుండా మొలిచాయో తలుచుకుని ముందు వరసలోని అధికారులు సిగ్గుతో తలలు దించుకున్నారు.

మంత్రిగారు విదేశీ పర్యటనకెళ్లి స్వయంగా వెంటబెట్టుకొచ్చిన పంటల మోడల్ అది. నేల, ఎండ, వాన, విత్తనం వివరాలు అందిస్తే ఎప్పుడు విత్తాలో, ఎంత పండుతుందో చెబుతుంది. దాన్ని మన ప్రాంతీయ పరిస్థితులకు సర్దే పని పరిశోధన కేంద్రంలో పనిచేసే ఒక శాస్త్రవేత్త మీద పడింది. ఆ రోజు నుంచి ఆఫీసులో అందరూ ఆవిణ్ణి మోడలమ్మ అనడం మొదలుపెట్టారు.

మోడలమ్మ మొదటిసారి మీట నొక్కగానే, “మంచు తొలగించి విత్తండి” అంది మోడల్.

“అయితే తొలగిద్దాం, టెండర్లు పిలవండి” అన్నారు కేంద్రం డైరెక్టర్‌గారు.

“సార్, మనకు మంచు పడదు.”

“పడకపోతే తొలగించడం ఇంకా తేలిక కదమ్మా!”

డైరెక్టర్‌గారి దూరదృష్టి అలాంటిది. మోడలమ్మకు అంత దృష్టి లేక పొలాల వెంట పడింది. మట్టి తవ్వి తెచ్చింది, మొక్కజొన్న ఆకులు కొలిచింది, పాత వానల లెక్కలన్నీ ఎక్కించింది. ఎండకు మొహం నల్లబడింది గానీ మోడల్ దారికొచ్చింది. గడిచిన ఏళ్ల పంటల్ని దానిచేత చెప్పించి చూస్తే, ఇంచుమించు పండినంతే చెప్పింది. బిడ్డ తొలిసారి ‘అమ్మా’ అన్నంత సంబరపడింది మోడలమ్మ. ఈ ఏటి సంగతి అడిగింది. “నేలలో పదును లేదు, గట్టి వాన పడేదాకా ఆగండి” అంది మోడల్.

ఆ మాట చెవినపడగానే డైరెక్టర్‌గారు పరుగున వచ్చారు.

“సోమవారం మంత్రిగారు బటన్ నొక్కుతున్నారమ్మా. నొక్కగానే రైతులందరికీ ‘ఆగండి’ అని మెసేజ్ వెళితే ఏం బావుంటుంది? బటన్ నొక్కేది ఆగడానికా?”

“నేల తడవలేదు సార్. ఇప్పుడు విత్తితే గింజ మాడిపోతుంది.”

“తడి పెట్టండి.”

“ఎక్కడ?”

“మోడల్‌లో.”

“అది వాన పడితే వచ్చేది సార్. నేను పెట్టేది కాదు.”

డైరెక్టర్‌గారు జాలిగా చూశారు. “ప్రాంతీయ పరిస్థితులకు సర్దమనేగా మీకిచ్చిన ఆర్డర్? ఈ ప్రాంతంలో మంత్రిగారిని మించిన పరిస్థితి ఇంకేముందమ్మా? లేవండి.”

ఆయనే కుర్చీలో కూర్చుని ఒంటివేలితో టకటకా కొట్టారు. ఏసీ గదిలో కుండపోతగా వాన పడింది. అరడుగు లోతు దాకా నేల తడిసింది. ఆయన చొక్కా మాత్రం నలగలేదు.

సోమవారం మంత్రిగారు బటన్ నొక్కారు. “నేడే విత్తండి” అని ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వేదిక వెనక నిలబడ్డ మోడలమ్మ ఫోన్ కూడా మోగింది. ఊళ్లో సేద్యం చేసుకునే తమ్ముడు.

“అక్కా, మీ ఆఫీసు మెసేజ్ వచ్చింది. విత్తనాలు బయటికి తీశాను. వేసేయనా?”

మోడలమ్మ గబగబా జనరేటర్ చాటుకు వెళ్లింది. “వెయ్యకు. గట్టి వాన పడేదాకా గింజ ముట్టుకోకు.”

“మరి మెసేజ్?”

“అది ఆఫీసు మాట. ఇది అక్క మాట.”

“ఊళ్లో వాళ్లకు చెప్పొచ్చా? అందరూ విత్తడానికి గొర్రు కట్టుకుని కూర్చున్నారు.”

మోడలమ్మ జనరేటర్ చాటు నుంచి తొంగి చూసింది. ఈ సంగతి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది. వేదిక మీద మంత్రిగారి మెడలో దండలు పడుతున్నాయి.

“చెప్పు” అంది. “అడిగిన వాడికీ చెప్పు, అడగని వాడికీ చెప్పు.”

మెసేజ్ నమ్మి విత్తిన పొలాల్లో గింజలు సగం మాడాయి, సగం చీమల పాలయ్యాయి. ఆ తర్వాతెప్పుడో వాన పడింది. అప్పుడు విత్తిన తమ్ముడి ఊరు ఒక్కటే పచ్చగా లేచింది. మంత్రిగారు పత్రికల వాళ్లను పిలిచి, మోడల్ నూటికి నూరుపాళ్లూ విజయవంతమైందనీ, మొలకెత్తడంలో మొక్కలే వెనకబడ్డాయనీ వివరించారు. ఒక్క ఊరు మాత్రం ప్రభుత్వాన్ని ధిక్కరించి ఎందుకు పచ్చగా ఉందో తేల్చమని డైరెక్టర్‌గారిని ఆదేశించారు. ఆయన తేల్చారు. మోడలమ్మకు మంత్రిగారి నుంచి పిలుపు వచ్చింది.

“ఉద్యోగం పోతే పోనీ” అన్నాడు మోడలమ్మ మొగుడు చెప్పులు అందిస్తూ. “మీ తమ్ముడి పొలంలో కలుపు తీద్దాం. నాకు నడుం నొప్పి కాబట్టి నువ్వే తియ్యాలి.”

ఆవిడకు నవ్వు రాలేదు. మంత్రిగారి గదిలో అడుగుపెట్టింది. ఆయన పక్కనే డైరెక్టర్‌గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“తమ్ముడికి విత్తొద్దని చెప్పారట, నిజమేనా?” అన్నారు మంత్రిగారు.

“నిజమేనండి.”

“ఊరంతటికీ చెప్పమన్నారట?”

“అన్నానండి. కుదిరితే అన్ని ఊళ్లకీ చెప్పేదాన్ని.”

మంత్రిగారు డైరెక్టర్ వైపు తిరిగి, “మీరు బయటుండండి” అన్నారు. ఆయన వెళ్లగానే స్వయంగా లేచి తలుపు గడియ పెట్టారు. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించారు.

“అమ్మా, మాకూ కాస్త పొలం ఉంది. ఆ మెసేజ్ చూసి మా పనివాళ్లు విత్తనమంతా మట్టిపాలు చేశారు. మళ్లీ విత్తాలి. మీ తమ్ముడికి చెప్పిన మోడల్ ఉంది చూశారూ, అది నాక్కూడా చెబుదురూ!”

మోడలమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. “దానికేం భాగ్యమండి! ఇప్పుడే వెళ్లి సరిచేస్తాను. సాయంత్రానికల్లా అదే మెసేజ్ రైతులందరికీ పంపిద్దాం.”

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు.

“అందరికీ ఎందుకమ్మా? వాళ్లకు ప్రభుత్వం ఉంది. నాకెవరున్నారు చెప్పండి?”