చెప్పుల వివాదంలో సామరస్య పరిష్కారం

మా తలిసాయ్ ఊళ్లో నాలుగేళ్ల జెన్‌జెన్‌కూ, ఆమె తల్లి రోవెనాకూ మధ్య నడుస్తున్న చెప్పుల వివాదం సామరస్యంగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రాజీ సంఘంలో నేనూ సభ్యుణ్ణే గనుక ఈ మాట నమ్మవచ్చు.

మొదట మా కపితాన్, అంటే ఊరిపెద్ద అనస్తాసియో, పట్నంలో పిల్లల పెంపకం మీద ఒక పూట శిక్షణ పొంది వచ్చారు. పూటలో సగం భోజనానికే పోయిందట. మిగిలిన సగంలోనే అంత జ్ఞానం సంపాదించారు. రాగానే తీర్మానం చేశాం: పిల్లలను గద్దించరాదు, చెయ్యి పట్టి లాగరాదు, ఒప్పించవలెను. ఫ్లెక్సీ కూడా కట్టాం. కపితాన్ ముఖం పెద్దది కావడంతో తీర్మానానికి చోటు చాలలేదు.

రోవెనా చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పిల్లను పెద్దమ్మ ఇంట్లో దింపి, ఆరింటికల్లా గేటు దాటాలి. మూడుసార్లు ఆలస్యమైతే పని ఊడుతుంది. పిల్లేమో చెప్పులు తొడగబోతే కాలు బిగదీసుకుంటుంది. ఒకనాటి పొద్దున రోవెనా గొంతు రోడ్డు దాకా వినిపించింది. అది తీర్మానానికి విరుద్ధం.

మా దగ్గర ఏ తగువైనా కోర్టుకెక్కే ముందు రాజీ సంఘం ఎదుట మూడుసార్లు కూర్చోవాలి. కోడి తగువైనా అంతే, గట్టు తగువైనా అంతే. చెప్పుల తగువుకు వేరే పద్ధతి మాకు తెలియదు. ఊరి కాపలావాడు వెళ్లి జెన్‌జెన్‌కు సమన్లు అందజేశాడు. ఆమె ఆ కాగితం వెనక కోడిపెట్టను గీసి తిరిగిచ్చింది. అదే సంతకమని రాసుకున్నాం.

మొదటి వాయిదా పొద్దున్న ఏడింటికి. కపితాన్ తొమ్మిదింటికి వచ్చారు.

"నాకు ఆరింటికే డ్యూటీ, కపితాన్," అంది రోవెనా.

"పనిదేముందే అమ్మాయ్, రోజూ ఉండేదే. ఇంట్లో శాంతి ముఖ్యం," అన్నారాయన.

పిల్ల బెంచీ మీద నిద్రపోయింది. రోవెనాకు ఒక ఆలస్యం పడింది.

రెండో వాయిదాలో కపితాన్ ప్రసంగించారు. "ఈ చిన్నారి మన భవిష్యత్తు! భవిష్యత్తుకు బలవంతంగా చెప్పులు తొడగవచ్చునా?" చప్పట్లు కొట్టాం. ఆపైన ఆయన ముందుకు వంగి, "చెప్పులెందుకు వద్దు, తల్లీ?" అని లాలనగా అడిగారు.

జెన్‌జెన్ బల్ల కిందికి తొంగి చూసింది. "నువ్వెందుకు విప్పేశావు?"

కపితాన్ కాళ్లు వెనక్కి లాక్కున్నారు. అంతలో నూడుల్స్ రావడంతో సభ విజయవంతంగా ముగిసింది. రోవెనాకు రెండో ఆలస్యం పడింది.

మూడో వాయిదా గురువారం పెట్టాం.

"వస్తే నా పని పోతుంది, కపితాన్."

"రాకపోతే రాజీ పోతుంది కదే!"

గురువారం తెల్లారుతూనే నేను దున్నను తోలుకుపోతూ చూశాను. రోవెనా గడప దగ్గర గొంతుక్కూర్చుంది. అరవడానికి కూడా ఓపిక ఉన్నట్టు లేదు. "ముందు ఏ కాలు?" అంది. జెన్‌జెన్ బాగా ఆలోచించి ఎడమకాలు చాచింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

రాజీ సంఘం యథావిధిగా కూర్చుంది. ఇరుపక్షాలూ గైర్హాజరు, అనగా ఫిర్యాదు లేదు, అనగా సామరస్యం. కపితాన్ కృషిని అభినందిస్తూ ఇంకో ఫ్లెక్సీ కట్టాం. ఈసారి ముఖం ఇంకా స్పష్టంగా వచ్చింది.

ఐదు రోజులు అలాగే గడిచాయి. ఆరో రోజు మళ్లీ అటే పోతున్నాను.

"ఏ కాలని అడుగుతావు గానీ, వస్తావా అని అడగవేం?" అంది జెన్‌జెన్.

రోవెనా చేతిలోని చెప్పు కింద పెట్టింది. "అడిగితే రానంటావు. నేను పోకపోతే మనకు బియ్యం రావు. అందుకే అడగలేదే."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా," అని పిల్ల తనే చెప్పులు వేసుకుంది, కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ. వేసుకుని తల్లికన్నా ముందు నడిచింది.

ఏ కాలని అడగడంలోని మతలబు కనిపెట్టడానికి దానికి ఐదు రోజులు పట్టింది. మమ్మల్ని మూడేళ్లకోసారి, ఎన్నికలు వాయిదా పడకపోతే, అభ్యర్థుల మనుషులు వచ్చి ఎర్ర చొక్కా కావాలా పచ్చ చొక్కా కావాలా అని అడుగుతారు. నాకు అరవై మూడేళ్లు. కిందటిసారి చాలాసేపు ఆలోచించి పచ్చది తీసుకున్నాను.

ఒంటికి బాగానే సరిపోయింది.