సిరాచుక్క కొలను

ఆ ఉదయం మ్యాపులాయన వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడింటికి సముద్రం, తొమ్మిదింటికి పాత రాజభవనం, ఒంటిగంటకు రైలు. సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పటాలు గీసి మొన్ననే రిటైరైన మనిషి. ఇంటాబయటా అందరికీ మ్యాపులాయనే. పెళ్లైన కొత్తలో "నీ కాళ్లు సముద్రంలో తడిపించే పూచీ నాది" అని భార్యకు మాటిచ్చాడు. ఆ మాట పిల్లల చదువుల కింద, ఆఫీసు ఫైళ్ల కింద పడి ఇన్నేళ్లు నలిగింది. ఇవాళ్టితో తీరిపోవాలి. మళ్లీ ఇంత దూరం ఎప్పుడొస్తారో ఏమో!

లాడ్జి కిటికీలోంచి ఆ పురాతన రాజధాని సగం కలలా కనిపిస్తోంది. పొగమంచులో తెల్లటి గుమ్మటాలు తేలుతున్నాయి. వీధులన్నీ నిద్రమత్తులో కిందికి, సముద్రం వైపుకి జారుతున్నాయి. నీళ్లింకా కంటబడలేదు గానీ గదినిండా అలల చప్పుడే. ఆవిడ ఆ చప్పుడు వింటూ జడ వేసుకోవడం కూడా మరిచిపోయి కూర్చుంది.

కింద గుమాస్తా ఊరి పటం ఒకటి చేతిలో పెట్టాడు. మ్యాపులాయన ముఖం వెలిగిపోయింది.

"ఏమేవ్! ఇది నేను గీసిందే! ఇంకా ఇదే వాడుతున్నారు చూశావా!"

"బావుంది. మరి సముద్రం ఒడ్డున ఈ గుండ్రటిదేమిటండీ? రాణిగారి కొలనా? అబ్బ, పేరెంత బాగుందో! ముందు ఇది చూసి, తర్వాత సముద్రానికి వెళ్దాం."

మ్యాపులాయన పటం గభాలున మడిచేశాడు. అక్కడ కొలనూ లేదు, రాణీ లేదు. ముప్పై ఏళ్ల కిందట, ఎన్నడూ చూడని ఈ ఊరిని కొలతల కాగితాలు చూసి గీస్తుంటే, చివరి రోజున పెన్ను నుంచి నీలి సిరాచుక్క ఒకటి జారింది. పై అధికారి చూస్తే కొంప మునుగుతుంది. మళ్లీ గీయాలంటే రెండు నెలలు. అందుకని చుక్క చుట్టూ మెట్లు గీసి, పక్కన ఓ పేరు రాసేశాడు. తప్పు గీత గీయని మనిషని భార్య దగ్గర ఇన్నేళ్లూ గొప్పలు పోయాడు. ఇప్పుడేం చెప్తాడు?

చెప్పలేదు. తిప్పాడు. గడియార స్తంభం, పాత ఓడరేవు, ఫిరంగుల బురుజు, మళ్లీ గడియార స్తంభం. తిరిగి తిరిగి విసిగి తనే మర్చిపోతుందనుకున్నాడు. ఆవిడ మాత్రం పావురాలను, నీలం రంగు తలుపులను చూసుకుంటూ తీరిగ్గా నడిచి, పదకొండింటికి "మరి కొలను?" అంది.

"అది... ఎండిపోయిందటే."

"ఎవడండీ అన్నది?" పక్కనే టోపీలమ్మే ఆయన లేచి నిలబడ్డాడు. "నిన్న కూడా చూశాను, నిండుగా ఉంది!"

ఈయనెవరు, లేని కొలనుకు సాక్ష్యం చెప్తాడేమిటని మ్యాపులాయన బిత్తరపోయాడు. "అటు దారి మూసేశారట కదా" అని ఇంకో అబద్ధం ఆడాడు. టోపీలాయన ఊరుకుంటాడా! చిన్న జెండా పట్టుకుని ఇరవైమంది యాత్రికులను వెంటేసుకుపోతున్న గైడును కేకేశాడు.

"మేమూ అక్కడికే, రండి సార్!" అని గైడు ఇద్దరినీ గుంపులో కలిపేసుకున్నాడు. దారి పొడుగునా రాణి కథ. ఓడలో వెళ్లిన రాజు తిరిగి రాలేదు. రాణి ఒడ్డునే కూర్చుని ఏడ్చింది. ఆ కన్నీళ్లే కొలనైపోయాయి. యాత్రికుల్లో ఇద్దరు ముక్కు తుడుచుకున్నారు. మ్యాపులాయన గైడు జెండాకు అడ్డంపడ్డాడు.

"ఆపవయ్యా! అక్కడ కొలను లేదు. అది సిరాచుక్క. నా పెన్నులోంచి జారింది."

"మ్యాపులో ఉంది కదండీ!"

"ఆ మ్యాపు గీసింది నేనే!"

"మీరే గీసి, మీరే లేదంటే ఎలా సార్?"

ఇరవైమందీ ఆయన్ను జాలిగా చూశారు. "ఎండ దెబ్బమ్మా" అని ఒకావిడ తన టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టింది. భార్య మాత్రం ఆ టోపీ సరిచేసి ముందుకు నడిచింది.

మలుపు తిరిగేసరికి కొలను ఉంది. గుండ్రంగా, నీలంగా, చుట్టూ ఆయన గీసినన్ని మెట్లతో ఉంది. మ్యాపులాయన ఒకటికి రెండుసార్లు మెట్లు లెక్కపెట్టాడు.

మొక్కలకు నీళ్లు పెడుతున్న తోటమాలి మెల్లగా చెప్పాడు. "వచ్చిన ప్రతివాళ్లూ మ్యాపు చూపించి కొలనేదీ, కొలనేదీ అని ప్రాణం తీసేవారండీ. లేదని చెప్పలేక చెప్పలేక ఊరివాళ్లే తవ్వించారు."

అప్పటికి పన్నెండుంపావు. గోడ అవతల సముద్రం హోరుమంటోంది. చుట్టు తిరిగి ఒడ్డుకు చేరాలంటే అరగంట; స్టేషను ఇంకో వైపు. మ్యాపులాయన మెట్టు మీద కూలబడ్డాడు.

"నాదే తప్పే. నిజంగా సిరాచుక్కే. అది దాచబోయి నీ సముద్రం పోగొట్టాను."

"నాకు తెలుసు లెండి" అని ఆవిడ పక్కన కూర్చుంది. "రెండో చుక్క మీ తెల్లచొక్కా మీద పడింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. ఆ వారమే మ్యాపు తెచ్చి చూపించారు. సరిగ్గా అదే నీలం."

"తెలిసీ పొద్దుటి నుంచి నన్నిలా తిప్పావా?"

"తిప్పింది మీరు. ఎప్పుడు చెప్తారా అని నేను నడిచాను, అంతే."

ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి కాళ్లు నీళ్లలో పెట్టింది. ఏమనుకుందో, వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఏవండీ, ఉప్పగా ఉన్నాయి!"

"మేం పోసిన నీళ్లు కావమ్మా" అన్నాడు తోటమాలి. "తవ్వితే కింద నుంచి సముద్రమే వచ్చింది."

ఆవిడ కళ్లు మూసుకుంది. గోడ అవతలి అల ఒకటి విరిగినప్పుడు కొలనులో నీళ్లు సన్నగా వణికాయి. మ్యాపులాయనా చెప్పులు విడిచి, పాదాలు ఆవిడ పాదాల పక్కన పెట్టాడు. ఇద్దరూ కాసేపు రైలు సంగతే మరిచిపోయారు.

వెనకనుంచి గైడు గొంతు వినిపించింది. "ఈ కొలనును పటంలో గీసిన చిత్రకారుడు ఆ రాణినే ప్రేమించి, ఈ సముద్రంలోనే దూకి చనిపోయాడండీ."

మ్యాపులాయన ఈసారి గైడుకు అడ్డు చెప్పలేదు. ఆవిడే ఒంటిగంట రైలెక్కాక, ఆ రాణి ఎవరని మూడుసార్లు అడిగింది.