సుందరమ్మ డబ్బు: ఒక తులనాత్మక అధ్యయనం

విదేశాల్లో పనిచేస్తున్న కోనసీమ సోదర సోదరీమణులు సొంత ఊరి బ్యాంకులో దాచుకున్న డబ్బు అక్కడ అవసరపడితే, ఏ మార్గంలో తెప్పించుకుంటే ఎంత ఖర్చవుతుందో పోల్చి చూసి ప్రభుత్వానికి నివేదించడానికి ఉన్నతస్థాయి తులనాత్మక అధ్యయన సంఘం ఏర్పాటైందనీ, దానికి తానే ఛైర్మన్‌ననీ బుచ్చిరాజు గారు అమలాపురం ట్రావెలర్స్ బంగళాలో ప్రకటించినప్పుడు పైన తిరుగుతున్న ఫ్యాను కూడా ఆగి విన్నది. కరెంటు పోయిందని తర్వాత తెలిసింది.

"ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఈ పని చెయ్యలేదండి," అన్నారాయన. నిజమే. నేను విచారించాను. ఎవరూ చెయ్యలేదు.

ఇది ఎనభై మూడో సంవత్సరం మాట. ఆ మధ్య ఎన్నికల్లో బుచ్చిరాజు గారికి టిక్కెట్టు ఇవ్వలేకపోయినందుకు పార్టీ చాలా బాధపడిందనీ, ఆ బాధ తగ్గించుకోవడానికే ఈ సంఘం వేసిందనీ గిట్టనివాళ్ళు అంటారు. నాకు ఆయనంటే గిట్టుతుంది కనక నేను ఆ మాట నమ్మను. సంఘానికి కార్యదర్శి కాశీవిశ్వనాథం గారు. ఆర్థిక శాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసి, 'కుదరదు' అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా ఏ పనీ కుదరనివ్వని అనుభవజ్ఞుడు. ప్రజల తరఫున సభ్యుడు తాతాజీ గారు. కొబ్బరి వ్యాపారం. ఛైర్మన్ గారికి స్వయానా బావమరిది కావడం యాదృచ్ఛికం. పత్రికల తరఫున నన్ను వేశారు. బుచ్చిరాజు గారి ప్రకటనలు అక్షరం పొల్లుపోకుండా అచ్చువేయిస్తానని నాకు పేరుంది.

కువైట్ విమానం ఎక్కేముందు ప్రజాభిప్రాయం తెలుసుకోవాలి కనక ఒక పూట బంగళా వరండాలో కూర్చున్నాం. వచ్చిన ప్రజ ఒక్కరే. రాజోలు దగ్గర మిషను బడిలో టీచరుగా పనిచేసే జ్ఞానమ్మ గారు.

"మా చెల్లెలు సుందరమ్మ కువైట్లో ఒక సేటు గారింట్లో వంట చేస్తోందండి," అన్నారావిడ. "ఆరేళ్ళ నుంచి జీతమంతా ఇక్కడ బ్యాంకులోకే పంపించేసిందండి. తన దగ్గర ఏమీ ఉంచుకోలేదు."

"శభాష్," అన్నారు ఛైర్మన్ గారు.

"ఇప్పుడా సేటు గారు కాపరం లండన్ మార్చేస్తున్నారండి. నెలాఖరులోగా సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుంటే ఇంటికి వెళ్ళొచ్చు, లేకపోతే ఆయన తమ్ముడింట్లో ఇంకో రెండేళ్ళు చెయ్యాలన్నారట. ఆ తమ్ముడింట్లో పనివాళ్ళని గదిలో పెట్టి తాళం వేస్తారండి. ముందున్నావిడ తప్పించుకోబోయి మేడ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుందట. దాని టిక్కెట్టుకి సరిపడా డబ్బు దానిదే ఇక్కడుందండి. బ్యాంకులో అడిగితే, అక్కణ్ణించి ఇక్కడికి రావడానికి దారుందిగానీ ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళడానికి లేదంటున్నారు."

"లేదని అనకూడదమ్మా," అన్నారు కాశీవిశ్వనాథం గారు. "ఉంది. పైనుంచి అనుమతి రావాలి. దరఖాస్తు పెట్టుకుంటే ఎనిమిది, తొమ్మిది నెలల్లో ఏదో ఒక సంగతి తెలుస్తుంది."

"నెలాఖరు ఇంక మూడు వారాలేనండి."

"ఆ విషయం కూడా దరఖాస్తులో రాయండి."

"పోనీ టిక్కెట్టు ఇక్కడే కొని పంపిద్దామంటే దాని పాస్‌పోర్టు చూపించమంటున్నారండి. అది సేటు గారి బీరువాలో ఉంది. తమరెలాగూ వెళ్తున్నారు కదండీ, ఈ డబ్బు కాస్త పట్టుకెళ్ళి..."

కాశీవిశ్వనాథం గారు రెండు చెవులూ మూసుకున్నారు. ఛైర్మన్ గారు మాత్రం ఎంతో ఓర్పుగా చెప్పారు.

"అమ్మా, మేం డబ్బు పట్టుకెళ్ళి ఇస్తే అది సాయం అవుతుంది. అధ్యయనం అవదు."

"ఆయ్," అన్నారు జ్ఞానమ్మ గారు. మనవైపు ఆయ్ అంటే ఒప్పుకున్నారనే రాసుకోవాలి. రాసుకున్నాను.

కువైట్లో మేం పెద్ద హోటల్లో దిగాం. మామూలు హోటల్లో దిగితే మామూలు ఖర్చులే తెలుస్తాయని ఛైర్మన్ గారి అభిప్రాయం. దిగగానే హోటలువాళ్ళు మా నలుగురి పాస్‌పోర్టులూ పుచ్చుకుని లోపల పెట్టారు. లెక్క తేల్చి వెళ్ళేటప్పుడు ఇస్తారట. ఎంత భద్రత అని మెచ్చుకున్నాం.

మొదటి మార్గం బ్యాంకు. మర్నాడు ఊరి నడిబొడ్డున ఉన్న ఒక బ్యాంకులో బుచ్చిరాజు గారు తన అమలాపురం పాస్‌బుక్కు తీసి కౌంటరు మీద పెట్టారు. నాలుగు మూలలా పసుపు పూసి, మధ్యలో బొట్టు పెట్టిన పుస్తకం అది. కౌంటర్లో ఉన్న మలయాళీ గుమాస్తా దాన్ని ముట్టుకోవాలో, దండం పెట్టాలో తెలియక తన అధికారిని పిలిచాడు. అధికారి ఇంకో అధికారిని పిలిచాడు. చివరికి, ఈ ఖాతాలో డబ్బుందో లేదో అమలాపురానికి తంతి కొట్టి కనుక్కోవాలనీ, ఖర్చులూ రుసుమూ మావేననీ తేల్చారు.

"చూశారా, మొదటి రోజే ఒక ఖర్చు దొరికింది," అన్నారు ఛైర్మన్ గారు ఎంతో సంతోషంగా.

రెండో మార్గం తంతి. దాన్ని కాశీవిశ్వనాథం గారు స్వయంగా రాశారు. తంతికి మాటకింత చొప్పున పుచ్చుకుంటారని అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా పద్ధతంటూ ఒకటుంది కదా. 'పై విషయమును పురస్కరించుకుని తమకు సవినయముగా తెలియజేయునది ఏమనగా' అన్నంత వరకే పేజీన్నర ఇంగ్లీషు అయింది. జవాబుకి కూడా అక్కడే డబ్బు కట్టాం. రెండో రోజుకి జవాబు వచ్చింది. 'తమ తంతి అందినది. అందులో ఛైర్మన్ గారి సంతకము మా వద్ద నున్న సంతకముతో సరిపోలలేదు.'

తంతిలో సంతకం ఎలా వస్తుందని తాతాజీ గారు అడిగారు. కొబ్బరి వ్యాపారస్తులకు ఇలాంటి సందేహాలు సహజం.

మూడో మార్గం టెలిఫోను. ఈ ఘట్టం వివరంగా చెప్పాలి. మన జిల్లా సంస్కారం విదేశీ గడ్డ మీద అంతగా వెలిగిన సందర్భం ఇంకొకటి లేదు. టెలిఫోను ఆఫీసులో నిమిషానికింత అని ముందే చెప్పారు. ఆ రేటు విని తాతాజీ గారు కుర్చీలో కూర్చున్నారు. అవతల బ్యాంకు మేనేజరు గారు లైన్లోకి వచ్చారు.

"ఆయ్, బుచ్చిరాజు గారాండీ? నమస్కారమండి. కులాసాగా ఉన్నారాండీ?"

"తమ దయవల్ల కులాసానండి. తమరు?"

"మాదేముందండి. భోజనాలు సరిపడుతున్నాయాండీ అక్కడ?"

"పర్వాలేదండి. మీ నాన్నగారి మోకాలి నెప్పి ఎలా ఉందండి?"

"కాకినాడ తీసుకెళ్ళేమండి. ఆ డాక్టరు గారు మీ గురించి అడిగేరండి. అక్కయ్య గారు బాగున్నారాండీ?"

నాన్నగారి మోకాలి నుంచి మేనత్త గారి కంటి ఆపరేషను దాకా, అక్కణ్ణించి బ్యాంకు ప్యూను గారి అబ్బాయి పరీక్షల దాకా ఒక్కరినీ వదలకుండా యోగక్షేమాలు కనుక్కున్నారు. ఇద్దరిలో ఎవరు తక్కువ అడిగినా మర్యాద కాదు. తర్వాత ఫోను పెట్టేసే సమయం వచ్చింది.

"ఉంటానండి మరి. తమరు పెట్టెయ్యండి."

"అబ్బే, తమరు పెద్దవారు. తమరు పెట్టేక నేను పెడతానండి."

"ఎంత మాటండి. ముందు తమరే."

ఈ ముందు తమరే చాలాసేపు నడిచింది. ఫోను పెట్టాక డబ్బు సంగతి అడగలేదని గుర్తొచ్చి మళ్ళీ చేశాం. మేనేజరు గారు ఛైర్మన్ గారితో మాట్లాడిన సంతోషంలో ఇంటికి వెళ్ళిపోయారని అకౌంటెంటు గారు చెప్పి, ఆయన కూడా యోగక్షేమాలు అడిగారు.

బయటికి వచ్చాక కాశీవిశ్వనాథం గారు ప్రభుత్వం ఇచ్చిన డాలర్లు తీసి చూసుకుని, సంఘం వద్ద నిధులు లేవన్న మాటను తనదైన పద్ధతిలో, ఆ మాట వాడకుండా, మాకు తెలియజేశారు. ఇంటి దగ్గర బ్యాంకులో ఛైర్మన్ గారికి బోలెడంత డబ్బుంది. తెప్పించుకునే మార్గం ఇంకా అధ్యయనంలో ఉంది. లెక్క కట్టేదాకా పాస్‌పోర్టులు ఇచ్చేది లేదని, వంటగదిలో చెప్పి మాకు భోజనం కూడా ఆపుతామని హోటలువాళ్ళు అన్నారు.

ఆ మర్నాడు శుక్రవారం. అక్కడ సెలవు. ఒక చర్చి వెనక హాల్లో కోనసీమ ఆడవాళ్ళు ప్రార్థన చేసుకుని కలిసి అన్నం తింటారు. ఛైర్మన్ గారిని ప్రసంగానికి పిలిచారు. పొదుపు గురించి ఆయన చెప్పిన మాటలకు, వడ్డించిన చేపల పులుసుకు మా కళ్ళు చెమర్చాయి. వడ్డించినావిడ సుందరమ్మ.

"మా అక్క తమర్ని కలిసిందంట కదండి," అంది. "నా పని అయిపోయిందండి. ఆదివారం విమానానికి చోటుందన్నారు. రేపొద్దున్న వెళ్ళి టిక్కెట్టు కొనేసుకుంటానండి."

కాశీవిశ్వనాథం గారి చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. "డబ్బు ఏ మార్గంలో వచ్చింది?"

"మార్గమేముందండి. ఈళ్ళందరూ ఈ నెల ఇళ్ళకి పంపాల్సిన డబ్బు నాకిచ్చేరు. అక్కడ మా అక్క నా డబ్బు తీసి ఈళ్ళ ఇళ్ళకెళ్ళి ఇచ్చేసిందండి. ఉత్తరం కూడా వచ్చింది."

"రుసుము?"

"మా అక్కకి ప్రతీ ఇంట్లోనూ కాఫీ ఇచ్చేరంటండి."

"ఇది విదేశీ మారక చట్టం ప్రకారం నేరం," అన్నారు కాశీవిశ్వనాథం గారు. సుందరమ్మ మొహం పాలిపోయింది. ఛైర్మన్ గారు ఆయన్ని కళ్ళతోనే వారించి, చెయ్యి కడుక్కుని, ఒక మూలకు తీసుకెళ్ళి మాట్లాడారు. తిరిగి వచ్చేటప్పటికి ఇద్దరి మొహాలూ ప్రశాంతంగా ఉన్నాయి.

"నేరమే అనుకోండి," అన్నారు కాశీవిశ్వనాథం గారు. "సంఘం అధ్యయనం కోసం చేస్తే నమూనా అవుతుంది."

ఛైర్మన్ గారు సుందరమ్మను డబ్బు అడగలేదు. ఆయనకు అడగడం అలవాటు లేదు. హోటలు సంగతి, పాస్‌పోర్టుల సంగతి మాత్రం చెప్పారు. "మనిషి పాస్‌పోర్టు ఇంకొకరు దాచుకోవడం ఎంత ఘోరమమ్మా. నాలుగు రోజుల నుంచి ఊపిరాడ్డం లేదు."

"ఆయ్. నాది ఆరేళ్ళయిందండి."

"రేపు సాయంత్రం నుంచి మాకు భోజనం కూడా పెట్టరట," అన్నారు తాతాజీ గారు.

సుందరమ్మ తోటివాళ్ళ వంక చూసింది. వాళ్ళు తలలు దించుకున్నారు. "మా ఊరి పెద్దోళ్ళు తిండి లేకుండా ఉంటే నేను విమానం ఎక్కి ఎలా ఎళ్తానండి," అంది చివరికి. కొంగు ముడి విప్పి డబ్బు లెక్కపెట్టింది. "అయినా నాకు భయంగా ఉందండి. నెలాఖరు ఇంక పది రోజులే. నన్ను ఆ ఇంటికి పంపేత్తారండి."

"అమలాపురంలో దిగిన మర్నాడే మీ అక్కగారి చేతిలో పెడతాను. ఆవిడ మళ్ళీ ఇదే దారిలో నీకు పంపిస్తారు. నా మాట మీద నమ్మకం లేదా?"

మనవైపు ఈ ప్రశ్నకు లేదని ఎవరూ అనలేరు. సుందరమ్మ కూడా అనకుండా డబ్బు ఆయన చేతికిచ్చింది. ఆదివారం విమానంలో మేం నలుగురం వచ్చేశాం.

అమలాపురంలో మాకు స్వాగత తోరణాలు కట్టారు. మర్నాడే జ్ఞానమ్మ గారు బంగళాకు వచ్చారు. ఆ రోజు సన్మానాలున్నాయని రేపు రమ్మన్నారు. రేపు వస్తే ఎల్లుండి రమ్మన్నారు. నెలాఖరుకు రెండు రోజులుందనగా ఆవిడ ఇంక కదలనని వరండాలో కూర్చున్నారు.

"ఈ రోజు ఇచ్చేస్తే తంతి కొట్టి ఎవరో ఒకరిచేత అక్కడ ఇప్పిస్తానండి. ఇంకా టైముంది," అన్నారు.

కాశీవిశ్వనాథం గారు బయటికి వచ్చి ఎంతో నెమ్మదిగా నచ్చజెప్పారు. "అమ్మా, మీ చెల్లెలు అక్కడ మాకిచ్చింది. అంతవరకూ నమూనా. మేం ఇక్కడ మీకిస్తే లావాదేవీ పూర్తవుతుంది. అప్పుడది నేరం. మీరు టీచరు. ఛైర్మన్ గారు మిమ్మల్ని జైలుకి పంపే పని ఎలా చేస్తారు? ఇవ్వనంత కాలమూ మీకు ఏ భయమూ లేదు."

ఇంత దూరం ఆలోచించే అధికారులు ఇప్పుడు తగ్గిపోయారు.

నివేదిక విడుదల పై నెలలో జరిగింది. అట్ట మీద కొబ్బరిచెట్టు, విమానం. పాత్రికేయులు, పురప్రముఖులు, వెనక వరసలో జ్ఞానమ్మ గారు. ఛైర్మన్ గారు చదివి వినిపించారు. బ్యాంకు మార్గం, ఖర్చు అధికం. తంతి మార్గం, అధికం. టెలిఫోను మార్గం, అత్యధికం. నాలుగోది సంఘం స్వయంగా కనిపెట్టి, స్వయంగా పరీక్షించిన మార్గం. ఖర్చు సున్నా. విదేశాల్లో ఉన్నవారు డబ్బు అవసరపడినప్పుడు అక్కడి మనవాళ్ళ దగ్గర పుచ్చుకోవడం. దీన్ని రాష్ట్రమంతటా అమలు చేయాలని సిఫారసు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. మాలో ఎవరికీ లేవు. వెనక నుంచి జ్ఞానమ్మ గారు లేచారు.

"మా చెల్లెల్ని ఆ తమ్ముడింటికి పంపేసేరండి. అప్పట్నించీ ఉత్తరం ముక్క లేదు. అది ఎప్పుడొస్తుందండి?"

ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి, ఎంతో ఆప్యాయంగా ఆవిడ వైపు చూశారు.

"అప్పుడే రప్పిస్తే ఎలాగమ్మా? వచ్చే ఏడు రెండో విడత అధ్యయనానికి మళ్ళీ వెళ్తున్నాం. అక్కడ మనవాళ్ళంటూ ఎవరో ఒకరు ఉండాలి కదా."

ముందు వరసల్లో చప్పట్లు మోగాయి. కాఫీ ఇస్తున్నారని అందరూ బయటికి నడిచారు. జ్ఞానమ్మ గారు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.