ఎడమ చిటికెనవేలి దిగ్విజయము

స్వస్తిశ్రీ! పంచాంగము ప్లవనామ సంవత్సరమనియు, వాడకట్టు కరోనా రెండో ఏడనియు పిలుచుకొనిన కాలమున, ఆషాఢమాసమున, దిల్‌సుఖ్‌నగర్ దుకాణదారులు సైతం గిరాకీకంటె ముందు శానిటైజరును పలకరించుచున్న రోజులలో, ఎల్బీ నగర్ మెట్రో వంతెన చెంతనున్న ఒకానొక సేవాకేంద్రమున ఘోరయుద్ధము జరిగెను. అది వేలిముద్రల యుద్ధము. నవ్వకండి, పడినవారికి తెలుస్తుంది.

అందు వీరనారి భూలక్ష్మి. త్రయోదశ శిశుపాలనా ధురంధర, పాలసీసా ప్రక్షాళన ప్రచండ, చీమిడిముక్కు భయంకరి. అనగా, సరూర్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకొని, పనికిపోయే తల్లుల పిల్లలను పదమూడుగురిని చూసుకొనే బేబీ కేర్ పెద్దమ్మ. మహమ్మారి దిగగానే తల్లులు ఇండ్లనే ఉండిరి, పిల్లలు రాకపోయిరి, ఉయ్యాల ఊగక తుప్పుపట్టెను. రాజమండ్రినుండి వచ్చి స్థిరపడిన గది యజమాని రామారావు ఏడాదిన్నర ఓపిక పట్టి, నిన్న తేల్చి చెప్పెను.

"సర్కారు సాయానికి పెట్టుకున్నట్టు కాగితం చూపించమ్మా, ఇంకో మూడు నెలలు ఆగుతాను. లేదంటే రేపు కర్రీ పాయింటు అతనికి తాళం ఇచ్చేస్తాను. నన్ను తిట్టుకోవద్దు."

పిల్లలను చూసుకొనేవారికి సర్కారు ప్రకటించిన ఆ సాయమునకు దరఖాస్తు గడువు నేటితో సరి; వేలిముద్ర పడనిదే దరఖాస్తు చేరదు.

మూడు గంటలు వరుసలో నిలిచి, ముందు వెనుకల వారికి తన పిల్లలందరి అలకలు, విరేచనాలు పేరుపేరునా వర్ణించి, భూలక్ష్మి రణభూమి ముంగిట నిలిచెను. ఎదుట మౌసాయుధపాణియైన జ్యోతిక అను పిల్ల. ఆమె పక్కన వేలిముద్రలు పట్టెడి, అరచేతిలో ఇమిడెడి నల్లడబ్బా, ఎర్రకన్ను తెరచి చూచుచుండెను. సేనానియగు కుడి బొటనవేలు ముందుకు దుమికి, ఎర్రదీపము వెలుగగా కూలెను. కొంగుతో తుడిచి మరల పంపగా మరల కూలెను.

"అమ్మా, గీ గోరింటాకు ఎప్పుడు పెట్టుకున్నవ్?"

"నిన్న పొద్దూకంగ బిడ్డా, ఆషాఢం గద. ఎట్ల పండిందో చూడు."

"మస్తు పండింది. గందుకే మిషిన్‌కు నీ గీతలు కండ్లవడ్తలేవు."

వరుసలో వెనుకనున్న గోపయ్య ఊరుకొనలేదు. "పెండ్లిపిల్లోలె తయారై ఒచ్చినవక్కా, మిషిన్ సిగ్గువడ్డది."

భూలక్ష్మి కోపగించెను, కాని తన మీదనే. సర్కారు పని పెట్టుకొని వేలివేలికి టోపీలు తొడిగినట్టు గోరింటాకు దట్టించిన ఘనురాలు తానే. అంతట మనసులోనే సింహనాదము చేసెను: "ఓ అంగుళీ వీరులారా! పదమూడు ముక్కులు తుడిచితిరి, ఇరువదియారు చెప్పులకు బకిల్సు పెట్టితిరి. ఈ పిడికెడు డబ్బా ఎదుట తల వంచెదరా!" పైకి మాత్రం "జర ఆగు బిడ్డా" అనెను.

చూపుడువేలు పడెను. మధ్యవేలు పడెను. ఉంగరపువేలు ఉంగరము తీసి మరీ పడెను. కుడి చిటికెనవేలు వాటి వెంటనే పోయెను. ఎడమ సైన్యము ఒక్కొక్కటే ఒరుగగా, తొమ్మండుగురు పోయిరి.

మిగిలినది ఎడమ చిటికెనవేలు. దానిని ఆమె పొద్దుటినుండి కుచ్చిళ్లలో దాచుచుండెను, ఏలయన అది బోసిగా నుండెను. నిన్న ఆ వేలికని మిగిల్చిన ముద్దను, పక్కింటి గోడమీదుగా చేయి చాపిన సింధూర అరచేత గుండ్రని చందమామగా అద్దేసెను. తన పదమూడుగురిలో అది అందరికన్న చిన్నది, కాదనబుద్ధి కాలేదు. ఎర్రని తోబుట్టువుల నడుమ పాలిపోయిన ఆ వేలిని నలుగురిలో బయటపెట్టుటకు సిగ్గుపడుచు, భూలక్ష్మి దానిని డబ్బాపై ఆనించెను.

పచ్చదీపము వెలిగెను.

ఆ సాయంత్రము గదివద్ద భూలక్ష్మి అందించిన కాగితమును రామారావు కళ్లజోడు పెట్టుకొని రెండుమార్లు చదివెను. "దరఖాస్తు పరిశీలనలో ఉందనే ఉంది కదమ్మా. డబ్బులు ఇస్తామని ఎక్కడుంది?"

"నువ్వడిగింది కాగితమే గద సారూ. పైసలని నువ్వనలే."

రామారావు కాసేపు ఆమెను, కాసేపు ఉయ్యాలను చూచి, కర్రీ పాయింటు అతనికి ఫోన్ చేసి, మూడు నెలలు ఆగమనెను.

లోకులారా, వినుడు! నవవీరులు నేలగూలిన ఆ సంగ్రామమున, రంగుకు నోచని ఒక్క చిటికెనవేలు పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు గల గదిని జయించి, మూడు నెలలపాటు నిరాటంకముగ, పిల్లలు లేకుండనే, ఏలెను.