గుంత నంబరు నలభై ఒకటి

"నా హయాంలో ఈ నేల మీద ఒక్క గుంత కూడా మిగలదు!" అని రోడ్ల మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. రోడ్డు గుంతలు మరీ చిన్నవి. ఎన్ని పూడ్చినా ఫొటోలో కనబడవు. అందుకని ఇంజనీరుగారి చూపు సున్నపురాయి కొండల మీద పడింది. అక్కడ ఇల్లు పట్టేంత గుంతలు నలభై ఒకటి ఉన్నాయి. అంతటి దూరదృష్టి అందరికీ అబ్బదు.

ఈ వార్త వినగానే కొండ కింది ఊళ్లో పంపు అక్క అర్జీ రాయడానికి కూర్చుంది. ఊరంతటికీ నీళ్లు వదిలేది ఆమే. సున్నపురాయి మీద వాన నిలవదు. గుంతల్లోకి దిగి, లోపలి సొరంగాల వెంట నడిచి, కొండ అడుగున ఊటై బయటపడుతుంది. ఆమె చిన్నప్పుడు నాన్న నలభై ఒకటో గుంతలో బస్తాడు ఊక పోస్తే మూడో రోజుకు ఊటలో తేలింది.

ఆ మాటే అర్జీలో రాసి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, కొండెక్కి ఇంజనీరుగారిని కలిసింది.

"సార్, ఆ ఒక్కటీ వదిలేయండి. అది గుంత కాదు, మా ఊరి గొంతు."

"గుంతో గొంతో, లిస్టులో ఉందమ్మా."

"పూడిస్తే మాకు నీళ్లెలా వస్తాయి సార్?"

"అంటే ఇన్నాళ్లూ కొండ లీకవుతోందన్నమాట! మంచి మాట చెప్పావు. 'లీకేజీ అరికట్టబడినది' అని రిపోర్టులో ఇంకో లైను రాసుకోవచ్చు."

ఇంజనీరుగారు అర్జీని కవరులోంచి తీసి, 'అందినది' అని ఎర్రముద్ర కొట్టి, మళ్లీ కవరులోనే పెట్టారు. ఎంతో పద్ధతిగల మనిషి.

"పైకి పంపిస్తాంలే, నువ్వు నిశ్చింతగా వెళ్లు."

మర్నాడు మంత్రిగారు వేంచేశారు. అందరూ టీ తాగారు. మంత్రిగారు మెడలో దండ తీసేసి, ఆఖరిదైన నలభై ఒకటో గుంతలో తొలి తట్ట కాంక్రీటు స్వహస్తాలతో పోశారు. సాయంత్రానికి కొండ నున్నగా తయారైంది. బోర్డు కూడా పెట్టారు.

మూడో రోజు ఊట సన్నబడింది. ఊట నోటికి బిగించిన ఇనుప జాలీకి ఏదో అడ్డం పడిందనుకుని పంపు అక్క చెయ్యి పెట్టి లాగింది. ముందు టీ కప్పులు వచ్చాయి. తర్వాత వాడిన దండ. దానికి చుట్టుకుని ఒక ప్లాస్టిక్ కవరు.

ఆమె ఇంజనీరుగారికి ఫోను చేసింది.

"సార్, నా అర్జీ ఎక్కడిదాకా వెళ్లింది?"

"పైకే వెళ్లిందమ్మా. మంత్రిగారు స్వయంగా చూస్తున్నారు."

"మంచిది సార్," అంది పంపు అక్క, కవరు మీది నీళ్లు దులుపుతూ. లోపల ఎర్రముద్ర చెక్కుచెదరలేదు.

"అక్కా, కుళాయి ఆగిపోయిందే! జాలీ చూడవే!" అని కింది వీధిలోంచి ఒకావిడ కేకేసింది.

చూసింది. జాలీ శుభ్రంగా ఉంది.