స్పెషల్ పెండ్లి

ఆ సోమవారం ఆంజనేయప్ప పెట్టుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు భార్య లక్ష్మీదేవమ్మను వెంటబెట్టుకుని చింతామణి బస్టాండు పక్కనున్న పురుషోత్తమ్ ఆన్‌లైన్ సెంటరుకు వెళ్లాలి, పెళ్లి సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టించాలి, పన్నెండుకల్లా ఇంటికొచ్చి రాగిముద్ద తినాలి. పెళ్లయి ముప్పై తొమ్మిదేళ్లయింది. దానికి సర్టిఫికెట్ కావలసి రావడం ఇప్పుడే.

కెనడాలో ఉన్న ఒక్కగానొక్క కూతురు ప్రతిమ తల్లిదండ్రులను అక్కడికే రప్పించుకోవాలని మూడేళ్లుగా తంటాలు పడుతోంది. అక్కడి సర్కారు చీటీలు తీసినట్టు తీసి కొందరినే పిలుస్తుంది. ఈసారి ప్రతిమ పేరు తగిలింది. అరవై రోజుల్లో కాగితాలన్నీ పంపాలి. తల్లి పేరు అన్ని దాఖలాల్లోనూ ఒకేలా ఉందని ఆమెను ముఖ్య అర్జీదారుగా పెట్టి, తండ్రిని ఆమె భర్తగా చేర్చింది. భర్త అనడానికి ఇప్పుడు రుజువు కావాలి.

వెళ్లాలన్న ఆశ ఆంజనేయప్పకు చెప్పలేనంత ఉంది. రెండేళ్ల క్రితం పట్టు రీలింగ్ మిషన్లు అమ్మేశాక ఆయనకు పొద్దు గడవడం లేదు. ఇంట్లో చూస్తే మాటలు తక్కువ. "కాఫీ", "అన్నం", "తలుపేసినావా" అనే మూడు మాటలతో మొగుడూ పెళ్లాలిద్దరూ రోజు దాటించేస్తారు. ఆయన నోరు తెరిచి మాట్లాడేది కూతురితోనే. ఆ పిల్ల దగ్గరికి చేరకముందే పోతానేమోనన్న దిగులు ఆయన్ను లోలోపల తినేస్తోంది. లక్ష్మీదేవమ్మకు వెళ్లాలని ఉందో లేదో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె పేరు సంగతి ఇక్కడే చెప్పేయాలి. పుట్టింటివాళ్లు పెట్టింది మునిరత్నమ్మ. ఆధార్, పాస్‌పోర్టు, కూతురి మార్క్స్ కార్డు, అన్నిట్లోనూ అదే. కానీ ఆమె అత్తగారి పేరు కూడా మునిరత్నమ్మే. కోడలిని తిట్టాలంటే అత్త తన పేరే తిట్టుకోవాలి. పెళ్లాన్ని పిలవాలంటే కొడుకు కన్నతల్లిని పేరు పెట్టి పిలిచినట్టవుతుంది. అందుకని పెళ్లినాడే కోడలిని లక్ష్మీదేవమ్మను చేసేశారు. అత్త పోయి ఇరవై ఏళ్లయినా కోడలి పేరు కోడలికి తిరిగి ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

పురుషోత్తమ్ మంచివాడు. తెలియదని చెప్పడం ఒక్కటే అతనికి తెలియదు.

"అప్పా, ఈడ రెండు ఉండాయి. ఒకటి హిందూ మ్యారేజి. ఇంకోటి స్పెషల్ మ్యారేజి. ఏది కొట్టేది?"

"స్పెషల్ అంటే ఏంది?"

"స్పెషల్ అంటే తెలీదా? తిరుపతిలో స్పెషల్ దర్శనం ఉండాది కదా, అట్ల. పని తొందరగా అయిపోతాది."

"మనకు అర్జెంటు కదా. స్పెషలే కొట్టు."

స్పెషల్ మ్యారేజి అంటే ఇకమీదట చేసుకోబోయే పెళ్లి అనీ, నెల రోజులు గోడకు నోటీసు అంటించి ఎవరికైనా తకరారు, అంటే అభ్యంతరం, ఉంటే చెప్పమని ఊరందరినీ అడుగుతారనీ ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఫారం ముందుగా వరుడు ఏ స్థితిలో ఉన్నాడని అడిగింది. పురుషోత్తమ్ పెళ్లయినవాడని కొట్టాడు. ఫారం ఎర్రబడింది. పెళ్లి కానివాడని కొట్టడానికి అరవై ఆరేళ్ల ముఖం చూసి చెయ్యి రాలేదు. మిగిలింది 'విధుర' అనే కన్నడ మాట, అంటే పెళ్లాం పోయినవాడు. అది కొట్టగానే ఫారం పచ్చబడింది.

"కంప్యూటర్ ఒప్పుకొనేది ఇదొక్కటేప్పా. ఊరికే ఫార్మాలిటీ," అన్నాడు. వధువుకు 'అవివాహిత' అని పెట్టాడు. ఫోటో తీస్తాం, కదలొద్దని చెప్పారు కాబట్టి లక్ష్మీదేవమ్మ పక్క బెంచీ మీద కదలకుండా కూర్చునే ఉంది.

పదో రోజున నోటీసు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గోడకెక్కింది. ఆంజనేయప్ప ఫోటో స్పష్టంగా వచ్చింది. వధువు ఫోటో జెరాక్స్‌లో నల్లబడి, కొంగు తప్ప ఏమీ తెలియడం లేదు. వరుడు ఆంజనేయప్ప, విధుర, 66. వధువు మునిరత్నమ్మ, అవివాహిత, 58. సొంతూరు పరగోడు నుంచి సైటు రిజిస్ట్రేషన్‌కు వచ్చిన మనిషి ఒకడు అది చదివి, ఫోటో తీసి, ఆంజనేయప్ప తమ్ముడు లక్ష్మణప్పకు పంపించాడు.

పొలం గట్టు గొడవతో అన్నదమ్ములకు ఆరేళ్లుగా మాటల్లేవు. కానీ వదినంటే లక్ష్మణప్పకు ప్రాణం. ఆమె కాపురానికి వచ్చేనాటికి అతనికి పదేళ్లు, బడికి సద్ది కట్టి పంపింది ఆమే. నోటీసు చూసి అతను కూలబడ్డాడు. వదిన పోయింది. కబురైనా రాలేదు. ఆమె ఫోనుకు చేస్తే స్విచాఫ్. అది పాడై వారమైంది, బాగుచేయించాలని ఆంజనేయప్పకు గుర్తు లేదు. పైగా ఈ వయసులో పెళ్లి చాలదన్నట్టు అన్న అచ్చం కన్నతల్లి పేరున్నదాన్నే వెతికి పట్టాడు. లక్ష్మణప్ప కట్టుబట్టలతోనే నెత్తిన నీళ్లు పోసుకుని, పెళ్లాన్నీ పదిమంది బంధువులనూ టెంపోలో ఎక్కించుకుని, పూలహారంతో చింతామణి దారి పట్టాడు.

టెంపో వీధి మొదట్లోకి రాగానే ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. గుమ్మంలో కూర్చుని ఆకుకూర తుంచుతున్న లక్ష్మీదేవమ్మ, పాపం ఎవరింట్లోనో పోయినట్టున్నారని లేచి నిలబడింది. టెంపో ఆమె ముందే ఆగింది.

"వదినమ్మా, ఉండావా?" అన్నాడు లక్ష్మణప్ప.

"యాడికి పోతాను? ఎవురు పోయినారప్పా?"

"నువ్వే పోయినావంట. అన్న మళ్లా పెండ్లి చేసుకుంటాండాడు, చూడు."

ఆమె ఫోను అందుకుంది. అది కర్ణాటక సర్కారు నోటీసు, ఆమెది ఏడో తరగతి కన్నడం కాబట్టి నిదానంగా చదివింది. విధుర అన్న దగ్గర ఆగింది. మునిరత్నమ్మ అన్న దగ్గర ఇంకా చాలాసేపు ఆగింది. అది తన పేరేనని ఆమెకు తెలియదా అంటే, తెలుసు.

"ఆయమ్మ ఎవురో, యాడుందో తెలీదు. నేనిప్పుడే పోయి తకరారు వేస్తా. వేసేదా వదినమ్మా?"

లక్ష్మీదేవమ్మ ఫోను తిరిగి ఇచ్చింది.

"వెయ్యి," అంది. వచ్చినవాళ్లందరికీ మజ్జిగ ఇచ్చింది. హారాన్ని ఏం చేయాలో తెలియక టెంపోలోనే వదిలేశారు.

తకరారు పడింది కాబట్టి విచారణ తప్పదు. వరుడు ఆంజనేయప్ప, ఆయన భార్య లక్ష్మీదేవమ్మ, వధువు మునిరత్నమ్మ, ముగ్గురూ హాజరు కావాలని ఇంటికి మూడు నోటీసులు వచ్చాయి. ఆంజనేయప్ప పురుషోత్తమ్‌ను పట్టుకుని తిట్టాల్సినంత తిట్టాడు. ఇంటికొచ్చి భార్యతో, "నువ్వేం మాట్లాడొద్దు, నేను చెప్తా," అన్నాడు. విచారణ నాటికి అరవైలో యాభై రోజులు అయిపోయాయి.

సబ్‌రిజిస్ట్రార్ ప్రమోద మేడం ఫైలు తెరిచింది.

"లక్ష్మీదేవమ్మ ఎవరు?"

"నేనే."

"మునిరత్నమ్మ?"

"నేనే."

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆంజనేయప్ప గబగబా కథంతా చెప్పాడు. మూలన నిలబడ్డ లక్ష్మణప్ప నోరు తెరిచాడు.

"మా అమ్మ పేరు నీకెట్ల వచ్చె వదినమ్మా?"

"నాదేనప్పా. మీయమ్మ ఉండాదని తీసేసినారు."

మేడం నవ్వలేదు. ఇలాంటివి ఆమెకు దినమూ ఉండేవే. "సరే, దీనికి సుళువైన దారి ఉండాది. ఇది మూసేస్తా. మామూలు అర్జీ వేసుకోండి, రెండు దినాల్లో సర్టిఫికెట్ ఇస్తా. ఈ తకరారు మాత్రం ఫైల్లో ఉండకూడదు. అమ్మా, భార్యగా నీకు ఏమీ తకరారు లేదని ఒక సంతకం పెట్టు. లేదు కదా?"

ఆంజనేయప్ప పెన్ను తీసి భార్యకు అందించాడు.

"ఉండాది," అంది లక్ష్మీదేవమ్మ.

"ఏమే, ఆమె అడిగింది అర్థమయిందా నీకు?"

"అయింది." ఆమె మేడం వైపే చూస్తూ చెప్పింది. "పెండ్లినాడు నా పేరు తీసేసినారు, నన్ను అడగలేదు. పక్కలోనే కూసోనుంటే నేను సచ్చిపోయినట్ల రాయించినాడు, అడగలేదు. కెనడాకు పోయేదీ అడగలేదు. ముప్పై తొమ్మిదేండ్లలో నీకేమన్నా తకరారు ఉండాదా అని అడిగింది నువ్వే తల్లీ. అడిగినావు కాబట్టి చెప్తాండా. రాసుకో."

ఆంజనేయప్పకు కోపం రావాల్సిన చోట భయం వేసింది. ఈమె ఇన్ని మాటలు మాట్లాడగలదని ఆయనకు తెలియదు. మేడం రాసుకుంది. ఫైల్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఇద్దరూ ఒకరేనని చెప్పే అధికారం కోర్టుకే ఉంది, తనకు లేదు, అది తేలేదాకా మామూలు సర్టిఫికెట్ కూడా ఇవ్వలేను అని చెప్పి ఆర్డర్ ఇచ్చింది. ఆంజనేయప్పకు లక్ష్మీదేవమ్మ అనే భార్య సజీవంగా ఉన్నట్టు, ఆమె స్వయంగా వచ్చి అభ్యంతరం తెలిపినట్టు విచారణలో తేలినందున, మునిరత్నమ్మతో ఆయన వివాహానికి అనుమతి నిరాకరించడమైనది అని అందులో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆంజనేయప్ప భార్య వైపు తిరిగాడు.

"నీకు కెనడాకు పోవాలని లేదా?"

"ఉండాది," అంది ఆమె. "ఇన్నాళ్లకు అడిగినావు."

కథ ఇక్కడ ఆగిపోయినా బాగుండేది. కానీ ఆ ఆర్డర్ యాభై ఎనిమిదో రోజున పురుషోత్తమ్ చేతిలో పడింది. చదివిన కొద్దీ అతని ముఖం వెలిగిపోయింది.

"అప్పా, దీంట్లో ఏముందో చూసినారా? మీకు భార్య ఉండాదని సర్కారే రాసిచ్చినాది. సీలు, సంతకం అన్నీ. దీనికన్నా గట్టి రుజువు యాడ దొరుకుతాది?"

ఇంక రెండే రోజులున్నాయి. ఆంజనేయప్ప తల ఊపాడు. పురుషోత్తమ్ ఆర్డర్‌ను ఇంగ్లీషు చేయించి, తానే అప్‌లోడ్ చేశాడు.

జవాబు రావడానికి పదహారు నెలలు పట్టింది. ప్రతిమ వీడియో కాల్‌లో ఏడుస్తూ చదివి వినిపించింది. మునిరత్నమ్మకు అనుమతి వచ్చింది. ఆంజనేయప్ప పంపిన రుజువు ప్రకారం ఆయన ఆమె భర్త కాదు, లక్ష్మీదేవమ్మ అనే మరొకరి భర్త. ఆయన రావాలంటే విడిగా దరఖాస్తు చేసుకోవాలి, ధర్మపత్ని లక్ష్మీదేవమ్మ పాస్‌పోర్టు, వైద్య పరీక్షల రిపోర్టు జత చేయాలి.

"ఇద్దరూ ఒకరేనని కోర్టులో తేల్చుకోవాలప్పా. ఏండ్లు పడతాదంట," అంది ప్రతిమ. "అమ్మ వీసాకేమో తేదీ ఉండాది, అది దాటితే అదీ పోతాది. అమ్మా, ఏం చేస్తావు?"

ఆంజనేయప్ప నేల చూపులు చూశాడు. వెళ్లాలని ముందు నుంచీ తపించింది తాను. ఆగమని అడిగితే ఆమె ఆగుతుందేమో. అడిగే ముఖం ఆయనకు లేకపోయింది.

"పోతా," అంది ఆమె.

ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ తోసుకొచ్చిన అమ్మాయి "మునిరత్నమ్మ ఎవరండీ?" అని పిలిచేసరికి ఆమె ఠక్కున చెయ్యెత్తింది. గేటు దగ్గర ఆంజనేయప్ప, "చేరినాక ఫోన్ చెయ్యి," అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, "గ్యాసు ఆపేది మరిచిపోవద్దు," అని, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. లక్ష్మీదేవమ్మ స్వయంగా హాజరు కావాలంటున్నారు. ఆయన ముద్ద చేయడం నేర్చుకున్నాడు, కొంచెం ఉండలు కడుతోంది. మొన్న ఇంటింటి సర్వేకు వచ్చినామె వాకిట్లో నిలబడి, "ఇంట్లో ఎంతమందప్పా?" అని అడిగింది. ఆంజనేయప్ప ఒక్కడినేనని చెప్పబోయాడు, నోరు రాలేదు. లోపలికెళ్లి సీలున్న ఆ ఆర్డర్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చదివి, ఇద్దరు అని రాసుకుని పక్కింటికి వెళ్లింది.